యాక్సెస్‌లో చేసిన మిల్లు ప్యాకేజీని పార్టీలకిచ్చే ముందు ఎట్ట లాక్ చెయ్యాలి?

మిల్లు_లెక్కలు (నెల్లూరు)

అందరికీ నమస్తే. ధాన్యం కొనుగోలు లెక్కలకి యాక్సెస్ 2019లో (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్) ఒక ప్యాకేజీ సిద్ధంగా ఉంది. కాటా చీటీ, తేమకి తరుగు, 850 కిలోల పుట్టి లెక్కన రైతుకి రావాల్సిన మొత్తం, అన్నీ అందులోనే. మిల్లుకి మూడు నాలుగు కంప్యూటర్లు, ఒకదాంట్లో షేర్డ్ ఫోల్డర్.

భయాలు రెండు. కోడ్ ఎవరన్నా కాపీ కొట్టి అమ్ముకుంటారేమోనని ఒకటి. గుమాస్తా నేరుగా టేబుల్ తెరిచి పాత చీటీలో తరుగు మార్చేస్తాడేమోనని రెండోది. టేబుళ్లు, ఫారాల జాబితా చూపే నావిగేషన్ పేన్ దాచాను గానీ, షిఫ్ట్ పట్టుకుని తెరిస్తే అంతా కనపడతా ఉంది. ఏసీసీడీఈ (కోడ్ కనపడకుండా కంపైల్ చేసిన ఫైలు) చేస్తే సరిపోద్దా?

ఒంగోలు_డీబీ

సరిపోదన్నా. ఏసీసీడీఈ మీ మొదటి భయానికే మందు, రెండోదానికి కాదు.

ముందు డేటాబేస్‌ని రెండుగా చీల్చండి. డేటాబేస్ టూల్స్‌లో యాక్సెస్ డేటాబేస్ అనే బటన్ ఉంటుంది. టేబుళ్లు (బ్యాక్ ఎండ్) షేర్డ్ ఫోల్డర్‌లో, ఫారాలూ కోడూ ఉన్న ఫైలు (ఫ్రంట్ ఎండ్) ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్‌లో విడి కాపీగా. నలుగురూ ఒకే ఫ్రంట్ ఎండ్ తెరిస్తే ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత ఆల్ట్ ఎఫ్11 కొట్టి డీబగ్ మెనూలో కంపైల్. అక్కడ ఒక్క తప్పున్నా ఏసీసీడీఈ తయారవదు. అది దాటాక సేవ్ యాజ్‌లో మేక్ ఏసీసీడీఈ. ఒరిజినల్ ఫైలు ఏసీసీడీబీని భద్రంగా దాచుకోండి, ఏసీసీడీఈ నుంచి సోర్స్ వెనక్కి రాదు. 32 బిట్ ఆఫీస్‌లో చేసింది 64 బిట్‌లో తెరుచుకోదు, కాబట్టి రెండూ చెయ్యాల్సి రావచ్చు. విండోస్ ఫంక్షన్లని పిలిచే ఏపీఐ డిక్లేర్ లైన్లుంటే 64 బిట్ కోసం పీటీఆర్ సేఫ్ అనే మాట చేర్చండి.

ఇంత చేసినా ఏసీసీడీఈలో టేబుళ్లు, క్వెరీలు మామూలుగానే తెరుచుకుంటాయి. కనపడకుండా పోయేది వీబీఏ కోడ్ ఒక్కటే. ఫారాలు, రిపోర్టుల డిజైన్ మార్చడం కూడా కుదరదు.

షిఫ్ట్ సంగతికొస్తే, అలౌ బైపాస్ కీ అనే ప్రాపర్టీని ఫాల్స్ చెయ్యాలి. మొదట అది ఉండనే ఉండదు, విలువ ఇవ్వబోతే 3270 ఎర్రర్ వస్తుంది. అప్పుడు క్రియేట్ ప్రాపర్టీతో బూలియన్‌గా తయారుచేసి అపెండ్ చెయ్యండి. మళ్లీ తెరిచినప్పటి నుంచే పని చేస్తుంది. ఆప్షన్స్‌లో స్పెషల్ కీస్ టిక్ కూడా తీసెయ్యండి, లేకపోతే ఎఫ్11 కొడితే పేన్ మళ్లీ ప్రత్యక్షం. అయితే ఇది గడియే, తాళం కాదు. ఇంకో ఖాళీ డేటాబేస్ నుంచి రెండు లైన్ల కోడ్‌తో ఆ ప్రాపర్టీని మళ్లీ ట్రూ చెయ్యొచ్చు.

కావలి_కోడ్

పాస్‌వర్డ్ గురించి ఒక మాట. బ్యాక్ ఎండ్‌కి పాస్‌వర్డ్ పెట్టి, ఫ్రంట్ ఎండ్‌లో టేబుళ్లు లింక్ చేశాక ఇమ్మీడియట్ విండోలో (కోడ్ లైను అప్పటికప్పుడు నడిపే చోటు) ఏదో ఒక లింక్డ్ టేబుల్ కనెక్ట్ ప్రాపర్టీ అడిగి చూడండి. ఫైలు దారి పక్కనే పీడబ్ల్యూడీ, ఈక్వల్ గుర్తు, ఆ పక్కన మీ పాస్‌వర్డ్ మొత్తం పచ్చి అక్షరాల్లో! యాక్సెస్ సొంతంగా దాచుకునే ఎమ్‌సిస్ ఆబ్జెక్ట్స్ టేబుల్‌లోనూ అదే ఉంటుంది. ఫ్రంట్ ఎండ్‌కీ పాస్‌వర్డ్ పెడదామంటే, అది గుమాస్తాకి చెప్పక తప్పదు కదా.

అట్టని పాస్‌వర్డ్‌తో ఫైలుని చదవరాకుండా చేసే ఎన్‌క్రిప్షన్ మానబాకండి. పెన్‌డ్రైవ్‌లో బ్యాక్ ఎండ్ ఒక్కటీ ఎత్తుకుపోయిన వాడికి అది అడ్డమే. ఫైలుని ఎక్స్‌క్లూజివ్‌గా తెరిస్తేనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. యాక్సెస్ 2010 నుంచి వాడుతున్నది ఏఈఎస్ పద్ధతి, గట్టిదే. పాత ఎండీబీ రకం ఫైలు పాస్‌వర్డ్‌ని మాత్రం లెక్కలోకి తీసుకోబాకండి. ఎన్‌క్రిప్ట్ చేసేటప్పుడు రో లెవల్ లాకింగ్ (ఒక్కో వరసకి విడిగా లాక్) పట్టించుకోబడదని ఒక మెసేజ్ వస్తుంది, చాలామంది చదవకుండా ఓకే కొట్టేస్తారు. దాని అర్థం ఇక లాక్ పడేది 4 కేబీ పేజీ మొత్తానికి. పక్క పక్క చీటీలు ఇద్దరు దిద్దుతుంటే ఒకరు ఆగాల్సి వస్తుంది.

షేర్డ్ ఫోల్డర్‌ని రీడ్ ఓన్లీ చేద్దామనే ఆలోచన కూడా వద్దు. ఎంట్రీ చేసే ప్రతి ఒక్కరికీ అక్కడ లాక్ ఫైలు (ఎవరు తెరిచారో యాక్సెస్ రాసుకునేది) పుట్టించి, చెరిపేసే హక్కు కావాలి. ఆ హక్కున్న వాడు ఫైలుని కాపీ కూడా చేసుకోగలడు.

మిల్లు_లెక్కలు (నెల్లూరు)

అయితే గుమాస్తాని ఆపే దారి లేదా?

ఒంగోలు_డీబీ

ఉంది, టేబుళ్లని మైక్రోసాఫ్ట్ వాళ్ల వేరే డేటాబేస్ సర్వర్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కి మార్చడం. ఉచితమే, 2022 వెర్షన్‌లో డేటాబేస్‌కి 10 జీబీ దాకా ఇస్తుంది. యాక్సెస్‌లో హద్దు 2 జీబీ. ఫారాలు, రిపోర్టులు చాలావరకు అట్టనే ఉంటాయి, లింకులు ఓడీబీసీకి (వేరే డేటాబేస్‌తో కలిపే పద్ధతి) మారతాయి.

గుమాస్తా లాగిన్‌కి చీటీల టేబుల్ మీద సెలెక్ట్ (చూడటం), ఇన్సర్ట్ (కొత్తది రాయడం) మాత్రమే ఇవ్వండి. అప్‌డేట్, డిలీట్ వద్దు. తప్పు పడితే పాత చీటీ దిద్దకుండా రద్దు చీటీ ఒకటి వేసి, కొత్తది రాయించండి. యజమాని దిద్దినా ట్రిగ్గర్ (మార్పు జరగ్గానే తనంతట నడిచే కోడ్) పెట్టి పాత తరుగు, కొత్త తరుగు, లాగిన్ పేరు, టైము వేరే టేబుల్‌లో పడేటట్టు చూడండి. విండోస్ లాగిన్‌తోనే కలిస్తే కనెక్షన్‌లో పాస్‌వర్డ్ దాచే పనే లేదు. మిల్లుల్లో డొమైన్ (అన్ని కంప్యూటర్లకీ ఒకే లాగిన్ ఏర్పాటు) ఉండదు గనక, సర్వర్ కంప్యూటర్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో యూజర్‌ని తయారుచెయ్యాలి. ఎక్స్‌ప్రెస్‌లో వేరే కంప్యూటర్లు కలిసే టీసీపీ ఐపీ దారి మూసి ఉంటుంది, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో తెరవండి. ఫైర్‌వాల్ కూడా చూసుకోండి.

ఆ సర్వర్ కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్ ఎవరో వాళ్లే అన్నిటికీ యజమాని. దాన్ని కాటా గదిలో పెట్టబాకండి.

కందుకూరు_సిస్టమ్స్

పార్టీకి పంపేటప్పుడు వచ్చే తిప్పలు కూడా ఉండాయి. యాక్సెస్ లేని కంప్యూటర్‌లో ప్యాకేజీ నడిపే యాక్సెస్ రన్‌టైమ్ ఉచితం, దాంట్లో పేన్, డిజైన్ ఏవీ రావు. కానీ ఏ ప్రొసీజర్‌లోనైనా ఎర్రర్ హ్యాండ్లర్ లేక ఎర్రర్ వచ్చిందంటే ప్యాకేజీ మొత్తం టక్కున మూసుకుపోతుంది. ఆన్ ఎర్రర్ లైను లేని ప్రొసీజర్ ఒక్కటి కూడా మిగలకూడదు. మీ దగ్గరే ఫైలు చివర ఏసీసీడీఆర్ అని మార్చి తెరిస్తే రన్‌టైమ్ ఎట్ట ఉంటుందో తెలిసిపోతుంది. అయితే అది భద్రత కాదు, పేరు వెనక్కి మారిస్తే మామూలే.

నెట్‌లో దించుకున్న ఫైలుకి విండోస్ ఒక గుర్తు వేస్తుంది, ఆఫీస్ దాన్ని చూసి మాక్రోలు (ఫైల్లోని కోడ్) ఆపేస్తుంది. ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ చెయ్యమని ప్రతి మిల్లుకీ ఫోన్‌లో చెప్పేకన్నా ఇన్నో సెటప్ అనే ప్రోగ్రామ్‌తో ఇన్‌స్టాలర్ చేసుకోండి. ఫ్రంట్ ఎండ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా యూజర్ లోకల్ యాప్ డేటా కింద పెట్టండి, లాక్ ఫైలుకి రాసే హక్కు అక్కడ ఉంటుంది. ఆ ఫోల్డర్‌ని ట్రస్టెడ్ లొకేషన్‌గా (ఆఫీస్ నమ్మే చోటు) విండోస్ రిజిస్ట్రీలో చేర్చేదీ ఇన్‌స్టాలరే చేస్తుంది. ఆ ఎంట్రీ యూజర్‌కి ఒకటి. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరు గుమాస్తాలు వేరే వేరే లాగిన్‌లతో కూర్చుంటే ఇద్దరి కిందా ఇన్‌స్టాల్ చెయ్యాలి.