నాయనమ్మ వెండి రూపాయి: అంచు మీద అతుకు గుర్తుంటే గ్రేడింగ్‌కు పంపొచ్చా?

నాయనమ్మ నుంచి నాకు 1885 నాటి విక్టోరియా వెండి రూపాయి వచ్చింది. తూకం 11.6 గ్రాములు. అసలు ఉండాల్సింది 11.66 కాబట్టి పెద్దగా అరగలేదనే అనుకుంటున్నాను. కిరీటం, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

నా టెన్షన్ అంతా అంచు గురించే. కిరీటానికి పైన అంచు మీద బూడిద రంగు మచ్చ, కొంచెం ఉబ్బెత్తుగా ఉంది. ఎప్పుడో కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారేమో. అక్కడ అంచు గాడులు చదునైపోయాయి. భూతద్దంతో చూస్తే ముఖం చుట్టూ ఖాళీ జాగాలో అన్నీ ఒకే దిక్కుకు సాగే సన్నని గీతలు. వాడకంలో పడే గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి కదా, మరి ఇవి తోమితే పడ్డవేనా?

ఇలా దెబ్బతిన్న నాణేలకు గ్రేడింగ్ సంస్థలు (నాణెం ఎంత బాగుందో చూసి అంకె వేసేవి) 70 పాయింట్ల స్కేలులో అంకె ఇవ్వకుండా ‘డీటెయిల్స్’ అని రాస్తాయని తెలుసు. అతుకు గుర్తు ఇంత చిన్నదైనా అంతేనా? అలాగైతే ఫీజు కట్టి పంపడం దండగేనా?

అతుకును గీకించను, నల్లబడిన పొరనూ ముట్టుకోను. జిడ్డు మాత్రం వదిలించాలి. అసిటోన్‌లో ముంచి, రుద్దకుండా ఆరబెడితే చాలా? అమ్మే ఆలోచన లేదు, ఇది చెడిపోకుండా ఉండాలి. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.