పెద్దనాయన చెప్పింది వద్దన్నారు, నొప్పి గురించి అడగమన్నారు: విదేశీ వాలంటీర్లతో ఎలా మాట్లాడాలి?

ప్రశ్న

మాది మర్రిగూడ మండలం. డిగ్రీ అయ్యాక ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. చలికాలంలో విదేశాల నుంచి వాలంటీర్లు రెండు వారాలకు వస్తారు. వాళ్ల మాట ఊరికి, ఊరి మాట వాళ్లకు చెప్పడం నా పని.

మొన్న మా పెద్దనాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము వంగిపోయింది, మెడ తిరగదు. "1996 పార్లమెంటు ఎన్నికల్ల నీళ్ల గోస ఢిల్లీకి ఎరుక గావాలని మావోళ్లు నామినేషన్లు ఏసిండ్రు బిడ్డా. నల్లగొండల మొత్తం 480 మంది నిలబడ్డరు" అని మొదలుపెట్టాడు. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే ఒకామె "అది వద్దు, నొప్పి గురించి అడగండి" అంది. అడిగాను. ఆయన నా వైపు చూసి ఊరుకున్నాడు.

తర్వాత ఇంటింటికీ క్యాండిల్ ఫిల్టర్లు పంచి ఫోటోలు తీసుకున్నారు. ఆ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను ఆపదు. పైగా మాకు భగీరథ నల్లా వస్తోంది.

ఊరివాళ్లను అడగకుండా, బయటి నుంచి వచ్చిన తెల్లవాళ్లు తామే కాపాడుతున్నామనుకోవడం, దీన్నే వైట్ సేవియరిజం అంటారట. వాళ్లు చెడ్డవాళ్లు కారు, సొంత డబ్బు పెట్టుకుని వచ్చారు. ఫిబ్రవరిలో ఇంకో జట్టు వస్తోంది. మా సార్‌తో అంటే డోనర్లు పోతారని టెన్షన్ పడుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు 1 (మునుగోడు, రిటైర్డ్ టీచర్)

అమ్మా, ఆయన మాట ఆపింది ఆమె ఒక్కతే కాదు, నువ్వు కూడా. కష్టంగా ఉన్నా ఇది చెప్పాలి. ఊరి మాట పూర్తిగా చెప్పడమే నీ ఉద్యోగం. ఈసారి "ముందు ఇది వినండి" అను.

వాళ్లు రాకముందే ఊళ్లో కూర్చుని ఏం కావాలో అడిగి రాసి పంపు. నీళ్లు మారినా వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. మా దగ్గర ముసలివాళ్లకు కావలసింది సదరం శిబిరానికి, అంటే డాక్టర్లు చూసి వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే చోటికి, వెళ్లడానికి బండి, తోడుగా ఒక మనిషి. సర్టిఫికెట్ లేక వికలాంగుల పింఛను ఆగినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఫిల్టర్ల డబ్బుతో ఎన్ని బండ్లు మాట్లాడొచ్చో చూడు.

జవాబు 2 (హైదరాబాద్)

తెల్లవాళ్లనే అంటే సరిపోదు అక్కా. మా కంపెనీ నుంచి మేం దేవరకొండ వైపు ఒక తండా బడికి వెళ్లి ఒక్కరోజులో గోడలకు రంగులేశాం. బస్సెక్కేటప్పుడు అక్కడి టీచరమ్మ చెప్పింది, వానొస్తే ఆ గదిలో కప్పు కారుతుందని. పొద్దుటి నుంచి ఆమె అక్కడే ఉంది. మాలో ఒక్కరం కూడా ఆమెను అడగలేదు.

ప్రశ్న అడిగినామె

సార్, మీ మాట నిజమే. నిన్న పెద్దనాయన దగ్గరికి వెళ్లి తప్పు నాదని చెప్పాను. సదరం కోసం వెళ్లాల్సిన పదకొండు మంది పేర్లు ఆయనే చెప్పాడు, రాసుకున్నాను. రేపు మా సార్ ముందు పెడతాను. వచ్చేవాళ్లు ఫోటో అడిగితే ఏమనాలి అన్నాను.

"దిగుత గని, 480 మంది సంగతి గూడ కింద రాయమను" అన్నాడు.