సెప్టెంబరులో షిమోదా షిరహమా: ఈతకు దిగొచ్చా, ఒడ్డునే ఉండాలా?

సంద్రంపిచ్చి: టోక్యో నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చే తెల్ల ఇసుక బీచ్ అంటే అందరూ ఇజు ద్వీపకల్పంలోని షిమోదా షిరహమా పేరే చెబుతున్నారు. ఆగస్టులో జనం, సెప్టెంబరులో ఖాళీ. కానీ అప్పటికి ఈత సీజన్ అయిపోతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఏది మేలు?

ఉప్పుగాలి: సెప్టెంబరే. కురోషియో వెచ్చని ప్రవాహం వల్ల నీళ్లు అప్పటికీ 25 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఆగస్టు వారాంతాల్లో గొడుగు పాతడానికి జాగా ఉండదు, 135వ నంబరు రోడ్డు మీద కార్లు కదలవు. గుడి పక్కన రాతి మీద ఎర్రటి తోరి ద్వారం, దాని వెనక నీలం నీళ్లు చూడాలంటే జనం లేనప్పుడే చూడాలి.

గస్తీ: చూడటానికైతే ఒప్పుకుంటాను. ఈతకు మాత్రం వద్దు. జూలై మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా గజఈతగాళ్ల కాపలా ఉంటుంది, ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగనిస్తారు. సునామీ హెచ్చరిక వస్తే ఒడ్డున ఎరుపు తెలుపు గళ్ల జెండా ఊపే పద్ధతి 2020 నుంచి ఉంది. సీజన్ ముగిశాక దాన్ని ఊపేదెవరు? పైగా అది తుపాన్ల నెల. తుపాను వెయ్యి కిలోమీటర్ల అవతల ఉండగానే పెద్ద అలలు ఒడ్డుకు చేరతాయి. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఉప్పుగాలి: లాగుడు, అంటే మనిషిని లోపలికి లాక్కుపోయే నీటి ప్రవాహం, ఆగస్టులోనూ ఉంటుందిగా? ఆగస్టు మధ్యలో వచ్చే ఓబోన్ పండగ దాటితే జెల్లీఫిష్ కూడా వస్తాయి. ముందురోజు అలల అంచనా చూసుకుని, నడుము లోతు దాటకపోతే చాలు.

గస్తీ: ఎవరి నడుమండీ? ఎనిమిదేళ్ల పిల్లకు ఆ లోతులో వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకను తోడేస్తే నిలబడలేదు. లాగుడును గుర్తుపట్టడం కూడా కొత్తవాళ్లకు కష్టం. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మేర విరగవు. అక్కడ నీళ్లు నిదానంగా కనిపిస్తాయి గనక జనం సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీరంతా తిరిగి వెళ్లే దారి అదే. చిక్కితే దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డువైపు తిరగాలి. అలసిపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. ఒడ్డున ఉన్నవాళ్లు 118కి ఫోన్ చేస్తే కోస్ట్‌గార్డ్ పలుకుతుంది.

రైలుబండి: జూలై చివరి వారం, అదీ వారం మధ్యలో పెట్టుకోండి. మామూలుగా అప్పటికి వానల కాలం ముగుస్తుంది, ఓబోన్ రద్దీ మొదలవదు. టోక్యో స్టేషన్ నుంచి ఇజుక్యూ షిమోదాకు ఒదోరికో ఎక్స్‌ప్రెస్‌లో రెండున్నర గంటలు దాటుతుంది, అక్కడి నుంచి బస్సులో పది నిమిషాలు. పర్యాటకులు కొనే జేఆర్ రైలు పాస్ దారిలోని ఇతో స్టేషన్ వరకే చెల్లుతుంది, ఆపైన టికెట్టు విడిగా కొనాలి. సాయంత్రం నేరుగా వెళ్లే బండి దొరక్కపోతే ఆతామి దాకా లోకల్, అక్కణ్ణుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు. చెత్తకు సంచి పెట్టుకెళ్లండి, తిన్నవాటి కవర్లు వెంట తెచ్చుకోవాల్సిందే.

సంద్రంపిచ్చి: అంత దూరం వద్దనుకుంటే?

రైలుబండి: కామకురాలోని యుయిగహమా. శుభ్రత, భద్రత ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు బ్లూ ఫ్లాగ్ మన రుషికొండకు 2020లో వస్తే, దీనికి 2016లోనే వచ్చింది. టోక్యో నుంచి రైల్లో గంట. ఇసుక మాత్రం బూడిద రంగు, తెలుపు ఆశించకండి.

ఉప్పుగాలి: పిల్లలతో అయితే జూలైకే నా ఓటు కూడా. పెద్దవాళ్లకు సెప్టెంబరు అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.