ఎర్మీస్: పలుపుతాడా, కాలువా?

కణగవాక్షం
ఎర్మీస్ రెండు కణాంగాలను కట్టి ఉంచే పలుపుతాడు మాత్రమేనా, వాటి మధ్య కొవ్వులు పారే కాలువ కూడానా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఈస్ట్ కణంలో అంతర్జీవ ద్రవ్యజాలానికీ (ఈఆర్; ఇకపై జాలం) మైటోకాండ్రియాకూ మధ్య నిలిచే ఎర్మీస్ ప్రోటీన్ సముదాయాన్ని 2009లో కోర్న్‌మాన్, వాల్టర్, వారి సహచరులు వెలుగులోకి తెచ్చిన తీరే నా వాదనకు ఆధారం. ఆ రెండు కణాంగాలనూ దగ్గరగా పట్టి ఉంచే కృత్రిమ ప్రోటీన్ ఒకదాన్ని తయారుచేసి, దాని ఆసరాతో లోటు తీరే ఉత్పరివర్తకాల (జన్యువు మారిన కణాల) కోసం వారు వెదికినప్పుడు ఎర్మీస్‌లోని ఎండీఎం12 అనే ప్రోటీన్ బయటపడింది. ఎంఎంఎం1, ఎండీఎం10, ఎండీఎం34 దానితో కలిసి పనిచేస్తాయని తేలింది. రెండు కొసలను పట్టుకోవడం తప్ప మరో పని తెలియని ప్రోటీన్ ఎండీఎం12 లేని లోటును పూడ్చగలిగిందంటే, ఎర్మీస్ పలుపుతాడు మాత్రమేనని నా అభిప్రాయం. జాలంలో తయారైన కొవ్వు పదార్థం ఫాస్ఫాటిడైల్‌సెరీన్ మైటోకాండ్రియాకు చేరి మరో కొవ్వు అయిన ఫాస్ఫాటిడైల్‌ఇథనోలమైన్‌గా మారుతుంది. ఎర్మీస్ చెడితే ఈ దారిలో జరిగే మార్పులు మందగిస్తాయని 2009 పత్రం చెప్పినా, 2012లో మరో బృందం జరిపిన కొలతల్లో ఆ రవాణాలో ఎర్మీస్‌కు ప్రత్యక్ష పాత్ర కనబడలేదు.

త్వచవాది
కణం బతికింది కనుక పని జరిగిపోయినట్లే అనుకోవడం ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. కాలువకు అడ్డుకట్ట వేస్తే నీరు పక్క బోదెలోకి మళ్ళుతుంది. చేను ఎండలేదు కాబట్టి కాలువలో ఎన్నడూ నీరే పారలేదని ఏ రైతూ అనడు. ఆ పక్క బోదె ఏదో 2014లో తెలిసింది. రిక్తికకూ (వాక్యూల్ అనే సంచి వంటి కణాంగానికీ) మైటోకాండ్రియాకూ మధ్య వీపీఎస్39 ప్రోటీన్ ఆధారంగా ఏర్పడే స్పర్శస్థానాలను రెండు బృందాలు వర్ణించాయి. ఎర్మీస్ లేనప్పుడు అవి విస్తరిస్తాయి, అవి లేనప్పుడు ఎర్మీస్ స్థానాలు పెరుగుతాయి, రెండూ లేకపోతే కణం చనిపోతుంది. 2015లో వీపీఎస్13 ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినా ఎర్మీస్ లోపం కప్పబడుతుందని కోర్న్‌మాన్ బృందం చూపింది. ఆ వీపీఎస్13, తరువాత తెలిసినట్లుగా, పొడవునా కొవ్వు ఇమిడే గాడి ఉన్న కడ్డీ వంటి ప్రోటీన్. పలుపుకు గాడి ఎందుకండీ?

కణగవాక్షం
గాడి సంగతి ఒప్పుకుంటాను. అయితే ప్లాస్మాత్వచం (కణం బయటి పొర) దగ్గర జరిగినది కూడా చూడండి. అక్కడ జాలాన్ని పట్టి ఉంచే ఆరు ప్రోటీన్లను, వాటితో పాటు ఐస్2 అనే ప్రోటీన్‌ను కూడా తొలగించిన కణాలను 2018లో పరిశీలించారు. స్పర్శ పోయినా స్టెరాల్ అనే కొవ్వు వినిమయం చురుకుగానే సాగింది. కుంటుపడిన పెరుగుదలను, ఈస్ట్‌కు సంబంధమే లేని ప్రోటీన్ ముక్కలతో కూర్చిన కృత్రిమ బంధం నిలబెట్టింది. అంటే తాకిన ప్రతిచోటా సరుకు చేతులు మారుతోందని అనుకోలేము.

త్వచవాది
ప్లాస్మాత్వచం విషయంలో మీతో ఏకీభవిస్తాను, కానీ ఆ తీర్పును ఎర్మీస్‌కు అంటగట్టలేము. 2023లో ఘనీభవించిన కణాలలోనే ఎర్మీస్‌ను చూసినవారికి ఒక్కో స్పర్శస్థానంలో సుమారు 25 విడివిడి వంతెనలు కనిపించాయి. ఒక్కో వంతెనలో కొవ్వును పట్టుకోగల మూడు భాగాలు మెలికలుగా అమరి, లిపిడ్‌లు సాగేందుకు వీలైన దారిని ఏర్పరుస్తున్నాయి. వట్టి పలుపే అయితే ప్రకృతి ఇంత శ్రమ పడేదా అన్నది నా సందేహం, రుజువు కాదు.

పులిపిండి
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు: కణాలకు ఏ ఆహారం పెట్టారు? గ్లూకోజ్‌తో పెంచిన ఈస్ట్, గ్లిసరాల్‌తో పెంచిన ఈస్ట్ ఈ విషయంలో ఒకటి కావు. గ్లిసరాల్ మీద, అంటే శ్వాసక్రియపై ఆధారపడి పెరిగేటప్పుడు వీపీఎస్39కు ఫాస్ఫేట్ చేరి రిక్తిక వైపు స్పర్శ తగ్గిపోతుంది. అప్పుడు భారమంతా ఎర్మీస్ మీద పడుతుంది. పక్క బోదె నిండుగా ఉన్న రోజున కాలువను కొలిచి, దానిలో నీరు లేదనడం న్యాయం కాదు.

కణగవాక్షం
ఆ మాట నాకు తగిలింది. "మాత్రమే" అన్న పదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అయినా నా అసలు ప్రశ్న అలాగే ఉంది: ఎండీఎం12 లేని కణంలో కృత్రిమ ప్రోటీన్ పెట్టి, గ్లిసరాల్‌తో పెంచి, పెరుగుదలకు బదులు మైటోకాండ్రియాకు చేరే ఫాస్ఫోలిపిడ్‌ల వేగాన్నే కొలిస్తే ఏం కనిపిస్తుందని మీరనుకుంటున్నారు?

త్వచవాది
పెరుగుదల కొంత కోలుకుంటుంది, వేగం కోలుకోదు. అది నా పందెం.