ఘర్షణ అంటే కొట్లాటా? ఎనిమిదో తరగతి పాఠంలో ఒక మాట

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లేసరికి సైన్స్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. "చిన్నమ్మా, ఘర్షణ అంటే కొట్లాట కదా? బల్లకీ పుస్తకానికీ కొట్లాటేంటి?" అని అడిగింది.

దాని తప్పేం లేదు. అది పేపర్లో చూసేది "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అనే కదా. సంస్కృతంలో ఘృష్ అంటే రుద్దడం. ఘర్షణ అసలు అర్థం రుద్దుకోవడమే. మనుషుల తగాదాకి దాన్ని పోలికగా వాడీ వాడీ, చివరికి మనకి ఆ పోలికే మిగిలింది, అసలు అర్థం పాఠ్యపుస్తకంలో దాక్కుంది.

"కొట్లాట కాదురా, రాపిడి" అని చెప్పేశాను. రాసుకోవడం, రాచుకోవడం, రాపిడి అన్నీ ఒకే కుటుంబం. పిల్లకి అర్థమైందనుకున్నాను.

తర్వాత పరీక్ష ప్యాడ్ తెచ్చి, దాని మీద ఒక రూపాయి బిళ్ల, ఒక రబ్బరు పక్కపక్కనే పెట్టాం. ప్యాడ్ ఒక అంచు మెల్లగా ఎత్తుతూ పక్కన స్కేలు నిలబెట్టి చూశాం. అంచు ఎనిమిది సెంటీమీటర్లు లేవగానే బిళ్ల సర్రున జారిపోయింది. రబ్బరు మాత్రం కదల్లేదు. పది, పన్నెండు, పదిహేను దాటినా అలాగే ఉంది. అప్పుడు అడిగింది చూడండి: "ఇది కదలట్లేదు, దేన్నీ రాసుకోవట్లేదు. మరి రాపిడి ఎక్కడుంది?"

నాకు నోట మాట రాలేదు. నిజమే. రాపిడి అనాలంటే కదలిక ఉండాలి. రబ్బరుని ఆపుతున్నది కూడా ఘర్షణే, కానీ అక్కడ రాపిడి లేదు. దాన్నే పుస్తకం స్థైతిక ఘర్షణ అంటుంది. ఆ మాట పిల్లల నోట పలకదు. ఇంటికొచ్చేటప్పుడు బండి మీద ఉండగా తట్టింది. మనం రోజూ అనే మాటే ఉందిగా: పట్టు. "టైర్లు అరిగిపోయాయి, రోడ్డు మీద పట్టు లేదు" అంటాం. గ్రిప్ అన్నా అదే.

హైదరాబాద్‌లో ఖాజాగూడ గుట్టల వైపు ఎప్పుడైనా వెళ్లినవాళ్లకి తెలుసు, ఏటవాలు బండ మీద ఇంకో పెద్ద గుండు, ఇప్పుడే దొర్లుతుందేమో అన్నట్టు కూర్చుని ఉంటుంది. అది ఏళ్ల తరబడి జారకుండా ఉన్నది పట్టు వల్లే. అదే మన ఊళ్లో తొలకరి చినుకులు పడ్డ సాయంత్రం చూడండి. రోడ్డు మీది ఆయిలు, దుమ్ము నీళ్లతో కలిసి పల్చటి జిగట పొరవుతుంది. గట్టిగా బ్రేకు వేస్తే చక్రం తిరగడం ఆగి, బండి మాత్రం జారుతూ పోతుంది. చక్రం దొర్లుతున్నంతసేపూ నేలను తాకే చోట టైరు జారదు, అక్కడ పట్టు ఉంటుంది. చక్రం బిగుసుకున్నాక పట్టు పోయి రాపిడి మిగులుతుంది. రాపిడి మామూలుగా పట్టు కన్నా బలహీనం. ఏబీఎస్ బ్రేకు చేసే పని చక్రాన్ని బిగుసుకోనివ్వకపోవడమే.

బీరువా జరిపినవాళ్లకి ఈ తేడా చేతుల్లోనే తెలుస్తుంది. కదిలేదాకానే కష్టం.

అందుకే నా మాట ఇది: పిల్లలకి ముందు పట్టు చెప్పాలి, తర్వాత రాపిడి చెప్పాలి, ఆ రెండిటికీ కలిపి పేరు ఘర్షణ అని చివర్లో చెప్పాలి. ఈ గ్రూపులో మీరేమంటారు?

ఒక రిటైర్డ్ మాస్టారు: అమ్మా, ఘర్షణను తీసేయమనకండి. హిందీ, మరాఠీ, కన్నడ పుస్తకాల్లోనూ ఇదే మాట. పై చదువులకు వెళ్లే పిల్లలకు పనికొస్తుంది.

తీసేయమనట్లేదు మాస్టారూ, వరస మార్చమంటున్నాను. ఇంకొకటి కూడా మనవి చేసుకోవాలి. "ఘర్షణ చలనాన్ని వ్యతిరేకిస్తుంది" అని పిల్లలు బట్టీ పడుతున్నారు. నడిచేటప్పుడు మన పాదం నేలను వెనక్కి నెడుతుంది, నేల పట్టే మనల్ని ముందుకు తోస్తుంది. తడి గచ్చు మీద నడిచిచూస్తే తెలుస్తుంది. ఘర్షణ వ్యతిరేకించేది రెండు తలాలు ఒకదాని మీద ఒకటి జారడాన్ని. పట్టు అన్న మాట ముందే తెలిస్తే పిల్లలకి ఈ గందరగోళం ఉండదు.

మరో సభ్యుడు: బిళ్ల బరువు పెంచితే ఆలస్యంగా జారుతుందా అక్కా?

అది కూడా చేశాం తమ్ముడూ. రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి టేపు వేశాం. ఇంచుమించు అదే ఎనిమిది దగ్గర జారాయి. బరువు రెట్టింపైతే కిందికి లాగే బలమూ రెట్టింపే, పట్టు హద్దూ రెట్టింపే. ఘర్షణ బరువుకి తగ్గట్టు పెరుగుతుందని ఫ్రాన్స్‌లో అమోంటాన్స్ అనే శాస్త్రవేత్త 1699లోనే చెప్పాడు.

ఇంకొక సభ్యురాలు: ఒరపిడి అనే మాట మర్చిపోయారు. బంగారం గీసి చూసే ఒరగల్లుదీ అదే కుటుంబం. మా తాతయ్య ఎడ్లబండి ఇరుసుకి ఆముదం కందెన పెట్టేవాడు. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అనేవాడు.

కందెన గుర్తుచేసినందుకు దణ్ణం అండీ. లూబ్రికెంట్‌కి ఇంత చక్కటి మాట ఇంట్లోనే ఉంది. ఆ సామెతలో ఉన్న సంగీతం కూడా పాఠమే. ఎండిన ఇరుసు సాఫీగా జారదు. పట్టుకుంటుంది, బలం పెరిగాక విడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. సెకనుకి వందల సార్లు ఇలా జరిగితే మనకి కీచుమని వినిపిస్తుంది. తలుపు బందు మూలగడం, బ్రేకు అరవడం, నల్లబల్ల మీద సుద్దముక్క కీచుమనడం అన్నీ ఇదే. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి స్టిక్-స్లిప్ అని పేరు. మనం తగవు తీర్చేటప్పుడు అనే పట్టువిడుపులు దీనికి సరిగ్గా సరిపోతుంది. వచ్చే ఆదివారం మా పిల్ల చేత తలుపు బందుకి కొబ్బరినూనె వేయించి, ముందూ తర్వాతా ఫోన్‌లో రికార్డు చేయిస్తాను. ఇక్కడే పెడతాను.