ఎగ్జిబిషన్ కోసం 220 పౌండ్లు పెట్టి వెళ్లాలా?

గ్లాస్గో_ఆవిరి:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మూడున్నర అంగుళాల గేజ్‌లో, అంటే పట్టాల మధ్య అంత దూరం ఉండే కొలతలో, 'టిచ్' అనే చిన్న ఆవిరి రైలింజన్ మోడల్ చేసుకుంటున్నాను. అక్టోబర్‌లో లెమింగ్టన్ స్పా దగ్గర మిడ్‌లాండ్స్ మోడల్ ఇంజనీరింగ్ ఎగ్జిబిషన్ చూడాలని ఎప్పటి నుంచో కోరిక. రైలు, ఒక రాత్రి గది, తిండి, టికెట్ కలిపితే 220 పౌండ్లు తేలింది. ఆ డబ్బుతో లేత్‌కి మంచి ఫోర్ జా చక్ (పని ముక్కని నాలుగు దవడలతో పట్టుకునే భాగం) వస్తుంది. వెళ్లమంటారా, మానమంటారా?

బెంచ్‌వైజ్:
చక్ కొనుక్కోండి. కాస్టింగులు (పోత పోసిన భాగాలు), ఇత్తడి కడ్డీలు ఆర్డర్ పెడితే ఇంటికే వస్తాయి. డ్రాయింగులు, వీడియోలు ఎలాగూ ఉన్నాయి. నాకు ఇద్దరు పిల్లలు, షెడ్‌లో కూర్చోవడానికి దొరికేది శనివారం ఒక్కటే. అది కూడా రైల్లో గడిచిపోతే ఇక ఇంజన్ ఎప్పుడు చేస్తాం? ఇంటి ఖర్చుల మధ్య దారి ఖర్చులకి ఇంత పెట్టడానికి నాకు మనసొప్పదు.

రాగి_బాయిలర్:
మీ లెక్క తప్పని అనను బ్రదర్. నా సంగతి చెబుతాను.

బాయిలర్ అడుగున ఫౌండేషన్ రింగ్ అతికించడానికి మూడుసార్లు కాల్చాను. వెండి టంకం అతుకులోకి పారలేదు, పూసల్లా పైనే నిలిచిపోయింది. టంకం పారడానికి పూసే ఫ్లక్స్ మాడి నల్లబడింది. దొరికిన వీడియోలన్నీ చూశాను, టార్చ్ మార్చాను, టంకం మార్చాను. చివరికి పాడైన ఒక ముక్క సంచిలో వేసుకుని ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. ఒక మోడల్ ఇంజనీరింగ్ క్లబ్ బల్ల దగ్గర పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చుట్టూ ఏం పేర్చి కాల్చావు?" అని అడిగారు. ఏమీ పేర్చలేదు. రాగి వేడిని క్షణాల్లో నలుమూలలకీ లాగేస్తుంది, అతుకు 600 డిగ్రీలు దాటేలోపే ఫ్లక్స్ చచ్చిపోతుంది అన్నారు. చుట్టూ వేడిని పట్టి ఉంచే ఇటుకలు పేర్చి, ఇంకో మనిషి చేతికి రెండో టార్చ్ ఇవ్వమన్నారు. తర్వాతి ఆదివారం టంకం నీళ్లలా పారింది.

ఈ ప్రశ్న నేను ఆన్‌లైన్‌లో ఎక్కడా అడగలేదు. అడగాల్సింది అదేనని నాకు తెలియదు. ముక్క చేతిలోకి తీసుకున్న మనిషికి తెలిసింది.

ఆయన క్లబ్ మా ఇంటికి 12 మైళ్లే. బాయిలర్ నిండా నీళ్లు పోసి, పని చేసే ఒత్తిడికి రెండింతలు ఎక్కించి పరీక్షించింది అక్కడే. ఆ సర్టిఫికెట్ లేనిదే క్లబ్ ట్రాక్ మీద నడపనివ్వరు కదా.

బెజవాడ_ఫ్లైవీల్:
నేనుండేది విజయవాడ. ఫ్లైవీల్ తిప్పించడానికి ఆటోనగర్ వెళ్తే లేత్ మేస్త్రీ మెషిన్ ఆపి మరీ టూల్ ఎందుకు అరుస్తోందో చూపించాడు. టూల్ ఎత్తు ఒక వెంట్రుకవాసి పెరిగింది, అంతే. నాకైతే బస్సు టికెట్ డబ్బులతో పోయింది. అన్నా, నువ్వు వెళ్లు.

బెంచ్‌వైజ్:
రాగి గారూ, అంత దూరం పోయి మీరు కలిసింది ఇంటికి 12 మైళ్లలో ఉన్న మనిషిని. ముందు దగ్గరి క్లబ్‌కి వెళ్తే సరిపోయేది కదా?

రాగి_బాయిలర్:
నిజమే. కానీ ఆ క్లబ్ ఉందని నాకు తెలిసిందే ఆ హాల్లో.

గ్లాస్గో_ఆవిరి:
ఇద్దరి మాటా తీసుకుంటున్నాను. ఈ శనివారం ఇక్కడి క్లబ్‌కి వెళ్తాను. ఎగ్జిబిషన్‌కి కూడా వస్తాను, గది మాత్రం మానేస్తున్నాను. తెల్లవారుజామున కారులో బయల్దేరి రాత్రికి ఇల్లు చేరతాను. ఎమ్6 దారిలో ప్రెస్టన్ దగ్గర ఎవరైనా ఎక్కుతారా? పెట్రోల్ చెరిసగం. సిలిండర్ బ్లాక్ వెంట తెస్తున్నాను, పోర్టుల (ఆవిరి వచ్చి పోయే రంధ్రాల) దగ్గర ఒక సందేహం ఉంది.