హైకూ బీటా 5 వర్చువల్‌బాక్స్‌లో మాటిమాటికీ కేడీఎల్‌లో పడుతోంది, ఎవరికైనా ఇలా జరిగిందా?

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి 64-బిట్ హైకూ (పాత బీఓఎస్ బాటలో వచ్చిన ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్) నడుపుతున్నాను. 4 సీపీయూలు, 4 జీబీ ర్యామ్ ఇచ్చాను. బూట్ బాగానే అవుతుంది, రాకెట్ బొమ్మ వెలిగి డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. కానీ హైకూడిపోలో (హైకూ యాప్ స్టోర్) పెద్ద ప్యాకేజీ దించుకుంటున్నప్పుడో, ఏదైనా కంపైల్ చేస్తున్నప్పుడో మౌస్ బిగుసుకుపోతుంది. లేదంటే తెల్ల స్క్రీన్ మీద "పానిక్" అని పడి కెర్నల్ డీబగ్గర్ (కేడీఎల్ అంటే ఇదే) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. హైకూ ఫైల్ సిస్టమ్ బీఎఫ్ఎస్‌లో ఫైల్ ఆట్రిబ్యూట్లు, వాటి మీద క్వెరీలు నేర్చుకుందామని మొదలుపెట్టాను. చాలా నచ్చింది, వదిలేయాలని లేదు. ర్యామ్ పెంచాను, తగ్గించాను, ఏం తేడా లేదు.

రాత్రిషిఫ్ట్
అన్నా, సెట్టింగులు మార్చడం కాసేపు ఆపండి, ముందు లాగ్ కావాలి. వీఎం (వర్చువల్ మెషీన్) ఆపేసి, సెట్టింగ్స్‌లో సీరియల్ పోర్ట్ కామ్1 ఎనేబుల్ చేసి, మోడ్ "రా ఫైల్" అని పెట్టి ఫైల్ పేరు ఇవ్వండి. హైకూ కెర్నల్ మెసేజీలు అందులోకి వచ్చి పడతాయి. స్క్రీన్ బిగుసుకుపోయినా చివరి లైన్లు చేతిలో ఉంటాయి. కేడీఎల్ వచ్చినప్పుడు వెంటనే రీసెట్ కొట్టకండి. "బీటీ" అనే రెండక్షరాలు ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొడితే ఏ ఫంక్షన్ దేన్ని పిలిచి ఎక్కడ పడిందో వరుసగా చూపిస్తుంది. అలాంటివి కొన్ని పోగేసి పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు కనబడితే హైకూలోనే వెతకాలి. ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంటే నేనైతే ముందు హోస్ట్‌ని, అంటే కింద నడిచే విండోస్‌ని, అనుమానిస్తాను.

సిస్టమ్స్_బిందు
వీఎం విండో అడుగున, స్టేటస్ బార్‌లో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. వీఎం ఫోల్డర్‌లోని లాగ్స్‌లో "నెమ్" అన్న మాట కూడా వెతకండి.

గోదారిగట్టు
తాబేలు ఉందండీ! లాగ్‌లో వీటీ-ఎక్స్ (వీఎంలు నడపడానికి ప్రాసెసర్ ఇచ్చే సదుపాయం) అందుబాటులో లేదు, నెమ్‌కి మారుతున్నాం అని ఉంది. కేడీఎల్‌లో ఎక్కువసార్లు వచ్చేది "అక్వైర్ స్పిన్‌లాక్: ఫెయిల్డ్ టు అక్వైర్ స్పిన్‌లాక్ ఫర్ ఎ లాంగ్ టైమ్". కానీ బీటీలో దాని కింద ఉండే పేర్లు ఒకసారి నెట్‌వర్క్‌వి, ఒకసారి డిస్క్‌వి. ఆఫీసు పనికి డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లో లినక్స్ నడిపేది) రోజూ కావాలి, దాన్ని తీసేయలేను.

సిస్టమ్స్_బిందు
అయితే దొరికినట్టే. డబ్ల్యూఎస్ఎల్ 2 గానీ మెమరీ ఇంటెగ్రిటీ అనే విండోస్ రక్షణ గానీ ఆన్‌లో ఉంటే విండోస్ హైపర్‌వైజర్ ముందే లేచి వీటీ-ఎక్స్‌ని తన చేతిలో పెట్టుకుంటుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడవాల్సిందే. నెమ్ అంటే అదే, తాబేలు చెప్పేదీ అదే.

ఇక ఆ పానిక్ సంగతి. స్పిన్‌లాక్ అంటే చాలా కొద్దిసేపు పట్టుకుని వదిలేసే తాళం. అది దొరికేదాకా మిగతా సీపీయూలు నిద్రపోకుండా అక్కడే తిరుగుతూ ఉంటాయి. అసలు మెషీన్‌లో ఆ ఎదురుచూపు క్షణంలో తీరిపోతుంది. వీఎంలో తాళం పట్టుకున్న వర్చువల్ సీపీయూనే హోస్ట్ పక్కన పెట్టేస్తే మిగతా మూడూ ఊరికే తిరుగుతాయి. లెక్క దాటగానే డెడ్‌లాక్ అనుకుని కెర్నల్ ఆగిపోతుంది. పాపం, దాని వైపు నుంచి ఆ అనుమానం సబబే. అలాంటప్పుడు "సీఓ" అని కొడితే చాలాసార్లు మళ్లీ నడుస్తుంది కూడా.

ముందు సీపీయూలు 1కి తగ్గించి చూడండి. ఒక్కటే ఉంటే ఎదురుచూసే వాళ్లే ఉండరు. తర్వాత మళ్లీ పెంచితే ఐఓ ఏపీఐసీ టిక్ ఉందో లేదో చూసుకోండి, ఒకటి కంటే ఎక్కువ సీపీయూలకు అది తప్పనిసరి.

వేగం కూడా కావాలంటే విండోస్ బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్‌తో ఇప్పటి బూట్ ఎంట్రీకి కాపీ తీసి, ఆ కాపీకి మాత్రమే హైపర్‌వైజర్ లాంచ్ టైప్ ఆఫ్ పెట్టండి. ఆఫీసు పనికి మామూలు ఎంట్రీ, హైకూకి ఇది. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే దీని జోలికి వెళ్లండి. ఆ ఎంట్రీలో మెమరీ ఇంటెగ్రిటీ రక్షణ ఉండదు కాబట్టి బ్యాంకు పనులు అందులో వద్దు.

లినక్స్‌బాబాయ్
పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే లినక్స్ వేసి క్యూఈఎంయూ (వర్చువల్‌బాక్స్ లాంటిదే), కేవీఎంతో (లినక్స్ కెర్నల్‌లోని హైపర్‌వైజర్) నడపండి. నాది అలాగే నడుస్తోంది. డిస్క్‌కీ నెట్‌వర్క్‌కీ వర్ట్‌ఐఓ (వీఎంల కోసమే చేసిన వేగమైన డివైస్‌లు) పెట్టాను, హైకూలో డ్రైవర్లు ముందే ఉన్నాయి. మౌస్ బాణం ఒకచోట, క్లిక్ ఇంకోచోట పడుతుంటే యూఎస్‌బీ టాబ్లెట్ డివైస్ కలపండి. కేవీఎం ఆన్ చేయడం మర్చిపోతే మాత్రం అంతా సాఫ్ట్‌వేర్‌లోనే నడిచి ప్రాణం తీస్తుంది.

ఇంకో మాట. పాత బీఓఎస్ ప్రోగ్రాములు నడపాలని ఉంటే 32-బిట్ ఇమేజే తీసుకోవాలి. 64-బిట్‌లో అవి నడవవు. 2001లో బీఓఎస్ చేసిన బీ కంపెనీ ఆస్తులు పామ్ చేతికి పోయాక కూడా ఆ ప్రోగ్రాములు బతికి ఉన్నాయంటే హైకూ వాళ్ల పట్టుదల వల్లే.

రాత్రిషిఫ్ట్
ఇన్నిసార్లు బలవంతంగా ఆపారు కాబట్టి డిస్క్ కూడా చూసుకోండి అన్నా. టెర్మినల్‌లో డిస్క్ తప్పులు వెతికి సరిచేసే చెక్‌ఎఫ్ఎస్‌ని బూట్ వాల్యూమ్ మీద నడపండి. బీఎఫ్ఎస్‌కి జర్నల్ (మార్పులను ముందుగా రాసిపెట్టుకునే చిట్టా) ఉన్నా, హోస్ట్ కాష్‌లో ఉండిపోయిన రాతలు పోతే అది చేయగలిగింది తక్కువ. అప్‌డేట్ మధ్యలో పడి డెస్క్‌టాప్ రాకపోతే ఫార్మాట్ చేయకండి. బూట్ మొదట్లో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే, యూఈఎఫ్ఐ అయితే స్పేస్ బార్ కొడుతూ ఉంటే, మెనూ వస్తుంది. అందులో బూట్ వాల్యూమ్ కింద పాత ప్యాకేజీ స్టేట్లు తేదీలతో కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుంటే అప్‌డేట్‌కి ముందున్న సిస్టమ్ లేస్తుంది.

గోదారిగట్టు
ఒక్క సీపీయూ పెట్టాక తాబేలు ఉన్నా కేడీఎల్ రాలేదు, కంపైల్ మాత్రం నత్తనడక. రాత్రి కొత్త బూట్ ఎంట్రీ చేశాను. తాబేలు పోయింది, 4 సీపీయూలతోనే నిన్న ఆగిపోయిన కంపైల్ చివరిదాకా వెళ్లింది. చెక్‌ఎఫ్ఎస్ కొన్ని బ్లాకులు సరిచేసింది, ఫైళ్లన్నీ ఉన్నాయి. సీరియల్ లాగ్ అలాగే ఆన్‌లో ఉంచుతున్నాను. మళ్లీ ఎక్కడైనా పడితే బీటీతో సహా ఇక్కడే పెడతాను. బిందు గారికీ, రాత్రిషిఫ్ట్ తమ్ముడికీ, బాబాయ్ గారికీ చాలా థాంక్స్.